ఒక్క అక్షరం తప్పు.. తేల్చేది ఈస్ట్

శుక్రవారం మధ్యాహ్నం. క్యాంపులో అన్నం తిని నడుం వాల్చబోతుంటే జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి అక్క ఫోన్ చేసింది. "తమ్మీ, పిల్లగాని జీన్ రిపోర్టు వచ్చింది. నాలుగు పేజీలున్నది. వాట్సాప్‌ల పెట్టిన. మంచిదా, చెడ్డదా.. గదొక్కటి చెప్పు చాలు" అంది.

చదివాను. నాలుగు పేజీల సారమంతా ఒక్క లైన్‌లో ఉంది. సీబీఎస్ అనే జన్యువులో ఒక అక్షరం మారింది. ఆ మార్పు చెడ్డదో కాదో ఇప్పుడున్న ఆధారాలతో చెప్పలేం అని రాశారు. ఇంగ్లీషులో దీన్ని 'వేరియంట్ ఆఫ్ అన్‌సర్టెన్ సిగ్నిఫికెన్స్' అంటారు. మన మాటల్లో చెప్పాలంటే 'సంగతి తేలని మార్పు'. అక్క అడిగిన ప్రశ్నకు వేల రూపాయలు పోసి చేయించిన పరీక్ష 'ఏమో' అని జవాబిచ్చిందన్నమాట.

నేను డాక్టర్ని కాదు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, పదమూడేళ్లుగా ఖతర్‌లో సైట్ సూపర్‌వైజర్‌గా బతుకుతున్నవాణ్ని. కానీ ఆ 'ఏమో' నన్ను నిద్రపోనివ్వలేదు. మా తెలుగు సంఘంలో ఒక ల్యాబ్ టెక్నీషియన్ అన్న ఉన్నాడు. ఆయన్ని పట్టుకొని, రెండు నెలలు శుక్రవారాలన్నీ దీనికే పెట్టాను. అప్పుడు తెలిసిన సంగతులు మన గల్ఫ్ సోదరుల్లో చాలామందికి పనికొస్తాయని రాస్తున్నాను. ముఖ్యంగా నాలాగా మేనరికం చేసుకున్నవాళ్లకు, ఇంట్లో మేనరికం మాటలు నడుస్తున్నవాళ్లకు.

డ్రాయింగ్ ఆఫీసులో.. పని సైట్‌లో

ముందు ఒక చిన్న సంగతి అర్థం చేసుకోవాలి. మన ఒంట్లోని దాదాపు ప్రతి కణంలోనూ కేంద్రకం ఉంటుంది. జన్యువులు దాదాపు అన్నీ అందులోనే ఉంటాయి. అది మన సైట్ ఆఫీసు లాంటిది. డ్రాయింగులన్నీ అక్కడ భద్రంగా ఉంటాయి. కానీ కాంక్రీటు పోసేది, కడ్డీలు కట్టేది ఆఫీసులో కాదు కదా! పని బయట జరుగుతుంది. కణంలోనూ అంతే. డ్రాయింగ్ చూసి తయారయ్యే ఎంజైములు చాలావరకు కేంద్రకం బయట, కణద్రవంలో పనిచేస్తాయి. అక్కడ తిండిని విడగొడతాయి, ఒకదాన్ని ఇంకోదానిగా మారుస్తాయి, చెత్తను పంపేస్తాయి.

ఇప్పుడు జన్యు పరీక్ష చేసేది ఏమిటి? డ్రాయింగ్ చదవడం. అసలు డ్రాయింగ్‌తో పోల్చి ఎక్కడ తేడా ఉందో చెప్పడం. అంతవరకే. డ్రాయింగ్‌లో తేడా ఉన్నంత మాత్రాన కట్టడం కూలిపోదు. టైల్ రంగు మారితే ఎవరికీ నష్టం లేదు. అదే కాలమ్‌లో 20 ఎంఎం కడ్డీ బదులు 12 ఎంఎం అని పడితే? తేడా ఒక్క అంకెలోనే, కానీ ప్రాణాల మీదికి వస్తుంది. ఏది టైల్ రంగు, ఏది కాలమ్ కడ్డీ అన్నది కాగితం చూసి ఎప్పుడూ చెప్పలేం. సైట్‌లోకి వెళ్లి చూడాలి. జన్యువు సంగతిలో సైట్ అంటే కేంద్రకం బయట ఎంజైము పనిచేసే చోటు.

మా మేనల్లుడి రిపోర్టు 'ఏమో' అన్నది ఇందుకే. తేడా కనబడింది. సైట్‌లో దాని ఫలితం ఏమిటో ఎవరూ చూడలేదు.

పంపు ఆగితే గుంతలో నీళ్లు

దోహాలో పునాది తవ్వినవాళ్లకు తెలుసు. కొంచెం లోతుకు పోగానే నీళ్లు ఊరుతాయి. రాత్రీ పగలూ పంపులు నడవాలి. ఒక్క రాత్రి పంపు ఆగిందంటే తెల్లారేసరికి గుంత చెరువు. సీబీఎస్ ఎంజైము మన ఒంట్లో అలాంటి పంపే.

మాంసం, గుడ్లు, పాలు, పప్పులు.. వీటన్నిట్లో మిథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. ఒళ్లు దాన్ని వాడుకునే దారిలో హోమోసిస్టీన్ అనే పదార్థం పుడుతుంది. దీన్ని ఎక్కువసేపు నిలవ ఉంచకూడదు. సీబీఎస్ ఎంజైము దానికి సెరీన్ అనే ఇంకో అమైనో ఆమ్లాన్ని కలిపి వేరే పదార్థంగా మార్చేస్తుంది. ఆ దారిలోనే చివరికి సిస్టీన్ తయారవుతుంది. ఈ పనికి ఎంజైముకు తోడుగా బీ6 విటమిన్ కావాలి.

పంపు పాడైతే హోమోసిస్టీన్ రక్తంలో పేరుకుపోతుంది. దీన్నే హోమోసిస్టిన్యూరియా అంటారు. 1962లో మొదటిసారి ఈ జబ్బును గుర్తించారు. 1964లో సీబీఎస్ ఎంజైము లోపమే కారణమని తేల్చారు. పుట్టినప్పుడు పిల్లలు మామూలుగానే ఉంటారు. తర్వాత ఒక్కొక్కటే బయటపడుతుంది. దగ్గరి చూపు బాగా పెరుగుతుంది, కంటిలోని కటకం జారిపోతుంది. కాళ్లు చేతులు సన్నగా, పొడుగ్గా సాగుతాయి. ఎముకలు బలహీనపడతాయి. కొందరికి చదువు అందదు. అన్నిటికన్నా ప్రమాదం రక్తం గడ్డకట్టడం. పడుచు వయసులోనే పక్షవాతం రావచ్చు.

మా మేనల్లుడికి నాలుగేళ్లకే మందమైన అద్దాలు వచ్చాయి. చూపించిన చోటల్లా నంబర్ మార్చి పంపారు. పొడుగ్గా ఎదుగుతుంటే 'తాత పోలిక' అని మేమంతా మురిసిపోయాం. ఎనిమిదో ఏట హైదరాబాద్‌లో ఒక కంటి డాక్టరమ్మ కటకం జారిందని గమనించి, రక్తంలో హోమోసిస్టీన్ చూడమంది. అప్పటికి ఎనిమిదేళ్లు పోయాయి. అదృష్టం కొద్దీ బీ6 మాత్రలకు వాడి ఒళ్లు స్పందించింది, హోమోసిస్టీన్ బాగా తగ్గింది. కానీ జారిన కటకం వెనక్కి రాదు కదా.

ఖతర్‌లో 1,800 మందిలో ఒకరు

ఇక్కడ ఒక వింత ఉంది. ఈ జబ్బు ప్రపంచంలో సాధారణంగా రెండు, మూడు లక్షల మందిలో ఒకరికి వస్తుందని లెక్క చెబుతుంటారు. నేను అన్నం తింటున్న ఈ ఖతర్‌లో మాత్రం స్థానిక ఖతరీ శిశువుల్లో సుమారు 1,800 మందికి ఒకరికి ఉంది. 2010లో ప్రచురితమైన అధ్యయనం చెప్పిన లెక్క ఇది. ప్రపంచంలో ఇంత ఎక్కువగా ఇంకెక్కడా కనబడలేదు.

కారణం రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఎప్పుడో ఒక పూర్వీకుడిలో సీబీఎస్ జన్యువులో ఒక మార్పు వచ్చింది. ఎంజైములో 336వ స్థానంలో ఆర్జినీన్ ఉండాల్సిన చోట సిస్టీన్ వచ్చి కూర్చుంది. శాస్త్రవేత్తలు దీన్ని ఆర్336సి అని పిలుస్తారు. ఇక్కడా మన దగ్గరలాగే దగ్గరి చుట్టరికాల్లో పెళ్లిళ్లు ఎక్కువ. తల్లి దగ్గర ఒక తప్పు కాపీ, తండ్రి దగ్గర అదే తప్పు కాపీ ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండూ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక్క కాపీ ఉన్నవాళ్లకు ఏ బాధా ఉండదు. అందుకే తరాలకు తరాలు తెలియకుండా నడిచిపోతుంది.

ఖతర్ ఏం చేసింది? జర్మనీలోని హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రితో కలిసి 2003లో నవజాత శిశువుల పరీక్షలు మొదలుపెట్టింది. మడమ మీద చిన్న సూదిపోటు, కాగితం మీద కొన్ని రక్తపు చుక్కలు. అవి ఎండాక విమానంలో జర్మనీకి పంపేవారు. మిథియోనిన్ ఒక్కటే చూస్తే కొందరు పిల్లలు తప్పిపోయే ప్రమాదం ఉందని, నేరుగా హోమోసిస్టీన్‌నే కొలిచే పద్ధతి పెట్టారు. జబ్బు మొదటి వారాల్లోనే దొరికితే తిండి మార్చి, మందులు ఇచ్చి కళ్లను, మెదడును చాలావరకు కాపాడొచ్చు.

మా చిన్నమ్మాయి 2017లో, కుటుంబం నాతో ఇక్కడ ఉన్నప్పుడు పుట్టింది. నర్సు మడమ మీద పొడిస్తే పాప ఏడ్చింది. 'పసిదాన్ని ఎందుకమ్మా బాధపెడతారు' అని నా భార్య గొడవ పడింది కూడా. ఆ రోజు మాకు తెలియదు. పరాయి దేశపు కూలీ బిడ్డకు దొరికిన ఆ సూదిపోటు మా మేనల్లుడికి సొంత గడ్డ మీద దొరకలేదు.

కల్లు కుండలో ప్రయోగశాల

మళ్లీ మొదటి ప్రశ్నకు వద్దాం. ఒక్క అక్షరం మారితే ఎంజైము పనిచేస్తుందా లేదా అన్నది ఎలా తేలుస్తారు? ఎంజైము కాలేయంలో ఎక్కువగా ఉంటుంది. దీనికోసం పిల్లవాడి కాలేయం ముక్క కోయలేం. ప్రతి మార్పుకూ ఒక ఎలుకను తయారు చేయాలంటే నెలలు, సంవత్సరాలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే.

అక్కడే ఈస్ట్ రంగంలోకి వచ్చింది. మన ఈత కల్లును పులియబెట్టేది అదే. మా క్యాంపు పక్కన బేకరీలో పిండిని పొంగించేదీ అదే. ఒకే కణం ఉన్న జీవి. కానీ బ్యాక్టీరియాలా కాదు, దానికీ మనలాగే కేంద్రకం ఉంది. కేంద్రకం బయట మనలాంటి పనివాళ్లే ఉన్నారు. మంచి తిండి ఉంటే గంటన్నరలో రెట్టింపవుతుంది. దాని జన్యువుల పూర్తి పటం 1996లోనే సిద్ధమైంది. మొత్తం దాదాపు 6,000 జన్యువులు. మనిషికీ ఈస్ట్‌కూ వంద కోట్ల ఏళ్ల దూరం అంటారు. అయినా 2015లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈస్ట్ బతకడానికి తప్పనిసరైన 414 జన్యువుల స్థానంలో మనిషి జన్యువులను పెట్టి చూస్తే, దాదాపు సగం జన్యువుల విషయంలో ఈస్ట్ బతికేసింది. అంత దగ్గరి పోలిక!

సీబీఎస్ విషయంలో ఈ పని అంతకుముందే జరిగింది. ఈస్ట్‌లో కూడా ఇదే పనిచేసే ఎంజైము ఉంది. ఆ జన్యువును తీసేస్తే ఈస్ట్ సిస్టీన్ తయారు చేసుకోలేదు. బయట నుంచి సిస్టీన్ వేస్తేనే పెరుగుతుంది. 1994లో వారెన్ క్రూగర్, డేవిడ్ కాక్స్ అనే శాస్త్రవేత్తలు అలాంటి ఈస్ట్‌లో మనిషి సీబీఎస్ జన్యువును పెట్టారు. సిస్టీన్ వేయకుండానే ఈస్ట్ పెరిగింది. అంటే మనిషి ఎంజైము ఈస్ట్ కణంలో, కేంద్రకం బయట, తన పని తాను చేసుకుపోయింది.

ఇక పరీక్ష తేలికైపోయింది. రోగి జన్యువులో ఉన్న మార్పునే మనిషి జన్యువులో పెట్టి ఈస్ట్‌లోకి ఎక్కించాలి. సిస్టీన్ లేని పళ్లెంలో వేయాలి. ఈస్ట్ పెరిగితే ఎంజైము పనిచేస్తోంది. పెరగకపోతే పంపు పాడైంది. అంతంతమాత్రంగా పెరిగితే సగం పనిచేస్తోంది. కొన్ని రోజుల్లో కంటికి కనబడే ఫలితం.

84 నుంచి వేల మార్పుల దాకా

2012లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జాస్పర్ రైన్ బృందం రోగుల్లో దొరికిన 84 రకాల మార్పులను ఇలాగే ఈస్ట్‌లో పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. ఇందులో రెండు సంగతులు నన్ను ఆపేశాయి.

మొదటిది, 15 శాతం మార్పులు మామూలు ఎంజైముతో సమానంగా పనిచేశాయి. రోగుల్లో కనబడ్డాయి కాబట్టి తప్పంతా వాటిదే అనుకున్న మార్పులు ఇవి. రెండోది, ఇంకో 37 శాతం మార్పులు పాక్షికంగా పనిచేశాయి, లేదా తోడు పదార్థం ఎక్కువ ఇస్తే కోలుకున్నాయి. ఎక్కువ బీ6 వేస్తే కొన్ని ఎంజైములు లేచి నిలబడ్డాయి. హీమ్ అనే ఇంకో పదార్థం వేస్తే కొన్ని లేచాయి. ఈస్ట్ పళ్లెం జబ్బు ఉందా లేదా అన్నదే కాదు, ఏ మందుకు లొంగవచ్చో కూడా సూచిస్తోందన్నమాట.

ఆ తర్వాత 2020లో టొరంటోలోని ఫ్రెడరిక్ రాత్ బృందం ఇంకో అడుగు వేసింది. రోగి వచ్చాక పరీక్షించడం కాకుండా, రాబోయే మార్పులను ముందే పరీక్షిస్తే ఎలా ఉంటుంది? సీబీఎస్ ఎంజైములో 551 అమైనో ఆమ్లాలు ఉన్నాయి. వాటిలో ఒక్కొక్కటి మారితే ఏమవుతుందో వేల మార్పులను ఒకేసారి ఈస్ట్‌లో పెట్టి, బీ6 తక్కువ ఉన్నప్పుడు ఒకసారి, ఎక్కువ ఉన్నప్పుడు ఒకసారి కొలిచారు. ఒక పెద్ద పటం తయారైంది. ఏ మార్పు జబ్బు తెస్తుందో చెప్పడంలో అది కంప్యూటర్ అంచనాల కంటే మెరుగ్గా పనిచేసింది. రేపు ఏ దేశంలో ఏ బిడ్డకు కొత్త మార్పు కనబడినా డాక్టర్ ఆ పటం తీసి చూసుకోవచ్చు.

మా ల్యాబ్ టెక్నీషియన్ అన్న ఇది చెప్పినప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. 'అన్నా, అయితే మా వాడి సంగతి తేలిపోయినట్టేగా' అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. 'క్యూబు పాసైతే స్లాబు పాసైనట్టేనా?' అని నా భాషలోనే అడిగాడు.

క్యూబు వేరు, స్లాబు వేరు

స్లాబు వేసేటప్పుడు అదే కాంక్రీటుతో 150 ఎంఎం క్యూబులు పోసి నీళ్లలో ఉంచుతాం. ఏడో రోజు కొన్ని, 28వ రోజు కొన్ని మిషన్‌లో పెట్టి పగలగొడతాం. క్యూబు ఫెయిలైతే స్లాబు మీద అనుమానం పడాల్సిందే. కానీ క్యూబు పాసైందని కళ్లు మూసుకోలేం. క్యూరింగ్ సరిగా చేయకపోతే, కడ్డీలకు కవర్ వదలకపోతే క్యూబు ఏం చెబుతుంది? దానికి ఆ సంగతి తెలియనే తెలియదు.

ఈస్ట్ కూడా క్యూబు లాంటిదే. దానికి కన్ను లేదు, రక్తనాళం లేదు, మెదడు లేదు. హోమోసిస్టీన్ పెరిగితే కటకం ఎందుకు జారుతుందో అది చెప్పలేదు. బర్క్‌లీ లెక్కలో ఈస్ట్‌లో బాగా పనిచేసిన ఆ 15 శాతం నిజంగా నిర్దోషులా, లేక మనిషి ఒంట్లో మాత్రమే బయటపడే లోపం వాటిలో ఉందా అన్నది పళ్లెం ఒక్కటే తేల్చలేదు.

ఖతర్ మార్పు ఆర్336సి కథ దీనికి మంచి ఉదాహరణ. క్రూగర్ 1998లో ఈస్ట్‌లోనే ఒక విశేషం చూపించారు. జబ్బు తెచ్చే మార్పు ఉన్న సీబీఎస్‌లో తోక భాగాన్ని కత్తిరించేస్తే కొన్ని ఎంజైములు మళ్లీ పనిచేశాయి. అంటే పని చేసే భాగం పూర్తిగా చచ్చిపోలేదు, మడత సరిగా కుదరక ఆగిపోయిందన్నమాట. మడత కుదరని ప్రొటీన్లను కణం చెత్తలో పారేస్తుంది. అలా పారేయకుండా ఆపితే ఎంజైము నిలబడుతుందా అన్న ఆలోచన ఈస్ట్ నుంచి ఎలుకల దాకా వచ్చింది.

2019లో క్రూగర్ బృందం, ఖతర్ పరిశోధకులు కలిసి ఆర్336సి ఉన్న ఎలుకల మీద ఫలితాలు ప్రచురించారు. చెత్త పారేసే యంత్రాన్ని ఆపే బార్టెజోమిబ్ అనే మందు ఇచ్చారు. కాలేయంలో ఎంజైము నిలబడింది. మామూలు ఎంజైముతో సమానంగా కొలత వచ్చింది. అందరూ సంతోషించాల్సిన సమయం. కానీ రక్తం పరీక్షిస్తే హోమోసిస్టీన్ పూర్తిగా దిగలేదు! వెతికితే తేలిందేమిటంటే, ఈ మార్పు వల్ల ఎంజైము సెరీన్‌ను పట్టుకునే బలం దాదాపు ఏడు రెట్లు తగ్గింది. ల్యాబ్‌లో సెరీన్ దండిగా పోస్తే బాగానే పనిచేస్తుంది. ఒంట్లో ఉండే కొద్దిపాటి సెరీన్‌తో పనిచేయలేదు. క్యూబు పాసైంది, స్లాబు ఫెయిలైంది.

అంటే ఈస్ట్ పనికిరాదనా? కాదు. క్యూబు పరీక్ష లేకుండా ఏ ఇంజినీరూ స్లాబు మీద సంతకం పెట్టడు. ముందు ఈస్ట్ జల్లెడ పడుతుంది. తర్వాత ఎలుక, ఆ తర్వాత మనిషి. వేల మార్పులను ఎలుకల్లో చూడలేం కాబట్టి మొదటి జల్లెడ లేకపోతే రెండో మెట్టే లేదు. అందుకే జన్యు మార్పును బేరీజు వేసే 2015 నాటి అమెరికా వైద్య జన్యుశాస్త్ర కళాశాల నియమాల్లో ఇలాంటి ప్రయోగాలను ఒక ఆధారంగా లెక్కిస్తారు. తల్లిదండ్రుల పరీక్షలు, రోగి లక్షణాలు, ఆ మార్పు జనంలో ఎంతమందికి ఉందన్న లెక్క.. ఇవన్నీ కలిపి తీర్పు చెబుతారు.

మన దగ్గర ఏం జరుగుతోంది?

మనకెందుకు ఈ గోల అనుకోవద్దు. 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో హైదరాబాద్‌లో 18,300 మంది నవజాత శిశువులను పరీక్షించారు. పుట్టుకతో వచ్చే ఇలాంటి జీవక్రియ లోపాలు సుమారు వెయ్యి మందికి ఒకరిలో కనబడ్డాయి. అన్ని రకాలూ కలిపి సుమా, హోమోసిస్టిన్యూరియా ఒక్కటే కాదు. అయినా అది చిన్న లెక్క కాదు. ఆ అధ్యయనం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. కేరళ, గోవా లాంటి చోట్ల ప్రభుత్వాలే కొన్ని జబ్బులకు మడమ రక్తం పరీక్షలు మొదలుపెట్టాయి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పల్లెటూరి కాన్పుల దాకా ఇలాంటి జీవక్రియ పరీక్షలు చేరలేదు. డబ్బున్నవాళ్లు ప్రైవేటులో చేయించుకుంటున్నారు. మా అక్కలాంటి వాళ్లకు అలాంటి పరీక్ష ఉందన్న సంగతే తెలియదు.

ఇంకో పక్క 10,000 మంది భారతీయుల జన్యు పటాలు చదివిన జీనోమ్ ఇండియా సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. గొప్ప పని. ఫరీదాబాద్‌లోని కేంద్రంలో ఆ డ్రాయింగులు భద్రంగా ఉన్నాయి. కానీ డ్రాయింగులు పెరిగేకొద్దీ 'సంగతి తేలని మార్పులు' కూడా పెరుగుతాయి. ఇన్నాళ్లూ ప్రపంచంలో ఎక్కువగా చదివింది యూరప్ మూలాలున్నవాళ్ల జన్యువులనే. మన కులాల్లో, మన ఊళ్లలో తరతరాలుగా మేనరికాలతో నిలిచిపోయిన మార్పులు వాళ్ల పుస్తకాల్లో ఉండవు. అవి టైల్ రంగులో, కాలమ్ కడ్డీలో తేల్చే పని మనమే చేసుకోవాలి. హైదరాబాద్‌లో సీసీఎంబీ ఉంది, సీడీఎఫ్‌డీ ఉంది. ఈస్ట్ ఖరీదైన సరుకు కాదు. దాన్ని పెంచడం తెలిసిన చదువుకున్న పిల్లలు మన విశ్వవిద్యాలయాల్లో ఎంతమందో ఉన్నారు. పది వేల మంది డ్రాయింగులు చదవడానికి పెట్టిన శ్రద్ధలో కొంతైనా ఈ సైట్ పరీక్షల మీద పెట్టాలి.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన అరుదైన జబ్బుల విధానంలో హోమోసిస్టిన్యూరియా పేరు ఉంది. 2022 నుంచి ఒక్కో రోగికి 50 లక్షల రూపాయల దాకా సాయం చేసే వీలు కల్పించారు. దీనికోసం గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాద్ నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి ఒకటి. ఇంట్లో అలాంటి బిడ్డ ఉంటే ఆ కేంద్రంలో పేరు నమోదు చేయించాలి. మా అక్కకు ఈ సంగతి మూడేళ్ల తర్వాత తెలిసింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇది చదివి ఎవరూ మెడికల్ షాపుకు పోయి బీ6 మాత్రలు కొనుక్కోవద్దు. ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే అవి నరాలను దెబ్బతీస్తాయి. అలాగే పెద్దవాళ్లకు రక్తపరీక్షలో హోమోసిస్టీన్ కొంచెం ఎక్కువ వచ్చిందంటే ఈ జబ్బే అని బెంబేలు పడొద్దు. మన దగ్గర బీ12 తక్కువైనా అది పెరుగుతుంది. డాక్టర్ చెప్పాల్సిందే.

మాటలు ఆపుకున్నాం

ఇంతకీ మా ఇంటి సంగతి. అక్క పెద్ద కొడుక్కి, మా అన్న కూతురికి పెళ్లి చేద్దామని రెండేళ్లుగా మాట నడుస్తోంది. పిల్లలిద్దరికీ ఇష్టమే. అందుకే ఆ 'ఏమో' మాకు ఇంత బరువైంది. మార్పు చెడ్డదని రూఢి అయితే, ఇద్దరి రక్తంలోనూ దాన్నే వెతకొచ్చు. ఇద్దరికీ లేకపోతే, లేదా ఒక్కరికే ఉంటే ఈ జబ్బు భయం లేకుండా పెళ్లి చేయొచ్చు. రూఢి కాకపోతే వెతికినా అర్థం లేదు.

జెనెటిక్స్ డాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాను. ఈస్ట్ పటం సంగతి అడిగితే ఆయన ఆశ్చర్యపోయి, 'మీరేం చేస్తుంటారు?' అన్నారు. కాంక్రీటు పని సార్ అన్నాను. నవ్వారు. పటం చూస్తామని, అది ఒక్కటే చాలదని, ముందు తల్లిదండ్రులిద్దరి నమూనాలూ కావాలని చెప్పారు. ఆ రోజు సాయంత్రం అక్కకు ఫోన్ చేసి అంతా వివరించాను. డ్రాయింగ్, పంపు, కల్లు కుండ, క్యూబు.. అన్నీ చెప్పాను. చాలాసేపు విని ఒక్క మాట అంది. "అయితే తమ్మీ, వాడు పుట్టిన్నాడే ఎవరన్న మడమల సూది పొడిచి చూస్తే ఇదంతా ఉండకపోవు గదా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఈస్ట్ ఎంత తెలివిగా చెప్పినా, ఎలుక ఎంత వివరంగా చెప్పినా, మొదటి రక్తపు చుక్క తీసేవాళ్లు లేకపోతే ఆ జ్ఞానమంతా బిడ్డ దాకా రాదు. ఖతర్‌కు డబ్బుంది కాబట్టి చేసింది అనొచ్చు. కానీ చుక్క రక్తం, ఒక కాగితం, దాన్ని ల్యాబ్‌కు చేర్చే ఒక మనిషి.. ఇవి మన రాష్ట్రాలకు మోయలేని బరువా? మన గల్ఫ్ సంఘాలు ఏటా మంత్రులను పిలిచి శాలువాలు కప్పుతాయి. ఈసారి వాళ్లు వచ్చినప్పుడు విమాన టికెట్లు, వీసాల సంగతితో పాటు ఇది కూడా అడగాలి. ప్రతి ప్రభుత్వ కాన్పులో మడమ పరీక్ష కావాలని గట్టిగా అడగాలి.

పోయిన వారం అక్క, బావ హైదరాబాద్ వెళ్లి రక్తం ఇచ్చి వచ్చారు. ఫలితం ఇంకా రాలేదు. పెళ్లి మాటలు అప్పటిదాకా ఆపుకున్నాం. ఇక్కడ సైట్‌లో నిన్న పోసిన స్లాబు క్యూబులు నీళ్లలో ఉన్నాయి. 28 రోజులు ఆగాలి. ఆగడం మాకు అలవాటే. తేలేదాకా బరువు పెట్టకూడదు, అంతే.